బ్రేకు తొక్కినా ‘పి’లోంచి గేరు రావడం లేదు: లోపం గేరుబాక్సులోనా, బ్రేకు స్విచ్‌లోనా?

నిజాంపేట నివాసి:

అందరికీ నమస్కారం. మాది 2016లో తయారైన పెట్రోలు ఆటోమేటిక్ సెడాన్. టార్క్ కన్వర్టర్ గేరుబాక్సు, తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే రకం. నిన్న ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజన్ ఎప్పటిలాగే స్టార్ట్ అయింది గానీ, బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా గేరు లివర్ ‘పి’ (పార్కింగ్) దగ్గరే బిగుసుకుపోయింది. లివర్ మీది బటన్ పూర్తిగా లోపలికి దిగడం లేదు. ఇదివరకు బ్రేకు తొక్కగానే లివర్ అడుగున ‘టిక్’మని చిన్న చప్పుడు వినిపించేది, ఇప్పుడు అది కూడా లేదు. కొన్ని వారాలుగా అప్పుడప్పుడు రెండో సారో మూడో సారో బ్రేకు తొక్కితే తప్ప లివర్ కదిలేది కాదు, అయితే ఆ తరువాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మా సెల్లార్‌లో ఒకదాని వెనక ఒకటిగా రెండేసి కార్లు పెట్టుకుంటాము. లోపలి వరుసలో ఉన్న పక్క ఫ్లాటు వారి కారు బయటికి రావాలంటే మా కారు కదలాలి. పైకప్పు ఎత్తు తక్కువ కావడం వల్ల టోయింగ్ బండి లోపలికి రాలేదు. ఫోనులో అడిగితే ఒక మెకానిక్ గేరుబాక్సు దింపి చూడాలన్నారు. వీధి చివర షాపులో పనిచేసే మరొకరు, పెడల్ దగ్గర వైరు కోసి ‘డైరెక్ట్’ చేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుందని అంటున్నారు. మొదటి మాట మరీ పెద్దదిగానూ, రెండో మాట మరీ తేలికగానూ కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడుందో ఇంటి దగ్గరే తేల్చుకునే మార్గం ఉందా? అంతకంటే ముందు, కారును దెబ్బతీయకుండా అక్కడి నుంచి పక్కకు జరపడం ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

వనస్థలిపురం ఆటో ఎలక్ట్రీషియన్:

నిజాంపేట నివాసి గారూ, గేరుబాక్సు దింపే మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందుగా చేయవలసిన పనికి ఏ పనిముట్టూ అక్కరలేదు. తాళంచెవి ‘ఆన్’లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, బ్రేకు తొక్కండి. ఇంట్లో ఒకరిని కారు వెనక, సరిగ్గా బంపరుకు ఎదురుగా కాకుండా ఒక పక్కగా నిలబెట్టి, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమనండి. కుడి, ఎడమ దీపాలతో పాటు వెనక అద్దం దగ్గర ఉండే మూడో దీపాన్ని కూడా విడిగా చూడాలి. మీ సమస్యకు సమాధానంలో ముప్పాతిక వంతు అక్కడే దొరుకుతుంది.

ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ‘పి’లో రెండు వేర్వేరు బంధాలు ఉన్నాయన్న సంగతి తెలియకపోవడం వల్లే ఇలాంటి సందర్భాలలో గేరుబాక్సు మీద అనవసరంగా అనుమానం పడుతోంది. మొదటి బంధం గేరుబాక్సు లోపల ఉంటుంది. చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టు మీద పళ్ల చక్రం ఒకటి ఉంటుంది, ‘పి’లో పెట్టగానే ఉక్కుతో చేసిన పార్కింగ్ పాల్ తలుపు గడియలా వచ్చి ఆ పళ్ల సందులో పడుతుంది. కారు కదలకుండా ఆపేది ఇదే. రెండో బంధం గేరుబాక్సులో కాదు, మీ చేతి కింద లివర్ అడుగున ఉంటుంది. దానిని షిఫ్ట్ లాక్ అంటారు. అక్కడ ఒక చిన్న సాలినాయిడ్ (కరెంటు వస్తే అయస్కాంతంలా లాగే తీగచుట్ట), దానికి ఒక పిన్ను ఉంటాయి. తాళంచెవి ‘ఆన్’లో ఉండి, బ్రేకు తొక్కినట్లు సంకేతం అందినప్పుడే సాలినాయిడ్‌కు కరెంటు వెళ్లి పిన్ను పక్కకు తప్పుకుంటుంది. మీరు ఇదివరకు విన్న ‘టిక్’ చప్పుడు అదే. ఇప్పుడు ఆ చప్పుడు లేదన్నారు గనుక సాలినాయిడ్‌కు కరెంటు చేరడం లేదనో, సాలినాయిడే పనిచేయడం లేదనో అనుకోవాలి. చప్పుడు వస్తూ లివర్ కదలకపోతే అప్పుడు లివర్ యంత్రభాగాన్నో, కేబులునో అనుమానించాలి.

బ్రేకు తొక్కినట్లు కారుకు తెలిసేది మన కాలి బలం వల్ల కాదు. పెడల్ పైభాగాన, స్టీరింగు కింద, బ్రాకెట్టుకు బిగించిన బ్రేకు స్విచ్ వల్ల తెలుస్తుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు పెడల్ చేయి ఆ స్విచ్ ప్లంజర్‌ను (ముందుకూ వెనక్కీ కదిలే చిన్న పుల్లను) లోపలికి నొక్కి ఉంచుతుంది, లోపలి కాంటాక్టులు విడిగా ఉంటాయి. కాలు పెట్టగానే పెడల్ చేయి దూరంగా జరుగుతుంది, స్ప్రింగు బలంతో ప్లంజర్ బయటికి వస్తుంది, కాంటాక్టులు కలుస్తాయి. అక్కడి నుంచి 12 వోల్టుల కరెంటు బ్రేకు లైట్లకు వెళుతుంది, అదే సంకేతం ఇంజన్ కంట్రోలు యూనిట్‌కూ షిఫ్ట్ లాక్‌కూ అందుతుంది. మామూలు 21 వాట్ల బల్బులు రెండు ఉన్నాయంటే వాటికే మూడున్నర ఆంపియర్ల కరెంటు కావాలి, చాలా పాత కార్లలో అదంతా ఈ చిన్న కాంటాక్టుల గుండానే వెళుతుంది. మియాపూర్ నుంచి అమీర్‌పేట వరకు సాయంత్రం ట్రాఫిక్‌లో ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతామో ఆలోచించండి. తొక్కిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ ఆ కాంటాక్టుల మధ్య సన్నని నిప్పురవ్వ పుడుతుంది, క్రమంగా అవి నల్లబడతాయి. మీరు చెప్పినట్లు మొదట అప్పుడప్పుడు మొరాయించి, చివరికి పూర్తిగా ఆగిపోవడం ఈ రకం అరుగుదలకు సహజమైన లక్షణం.

ఇక లైట్లు చూశాక ఏమి అనుకోవాలో చెబుతాను. మూడు దీపాలూ వెలగకపోతే లోపం ఫ్యూజులోనో, స్విచ్‌లోనో, వాటి మధ్య వైరులోనో ఉన్నట్లే, మూడు బల్బులు ఒకేసారి కాలిపోవడం చాలా అరుదు. ఫ్యూజు బాక్సు మూత మీద ‘స్టాప్’ అని రాసి ఉన్న ఫ్యూజును తీసి చూడండి, అది సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లది. కొన్ని కార్లలో హారనుకూ బ్రేకు లైట్లకూ ఒకటే ఫ్యూజు ఉంటుంది, అటువంటి కారులో హారను కూడా మోగకపోతే ఫ్యూజు పోయిందని కూర్చున్న చోటే తెలిసిపోతుంది. ఫ్యూజు కాలి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు, ఎందుకు కాలిందో వెతకాలి. వానాకాలంలో వెనక దీపాల హోల్డర్లలోకి నీరు చేరి షార్ట్ కావడం, సెల్లార్‌లలో ఎలుకలు వైర్లు కొరకడం, ఈ రెండూ మన ఊళ్లో నేను తరచుగా చూసే కారణాలు. కాలిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది వేయడం, రాగి తీగ చుట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు, ఫ్యూజు కాలవలసిన చోట వైరు కాలుతుంది.

లైట్లు చక్కగా వెలుగుతున్నాయంటే కథ వేరు. అప్పుడు సాలినాయిడ్, లివర్ దగ్గర ‘పి’ స్థానాన్ని గుర్తించే చిన్న స్విచ్, ఆ కన్సోలులో ఎప్పుడైనా ఒలికిన టీ లేదా కూల్‌డ్రింక్ జిగురు, వీటి మీద దృష్టి పెట్టాలి. కొన్ని స్విచ్‌లలో రెండు జతల కాంటాక్టులు ఉంటాయి గనుక లైట్ల జత బాగుండి రెండో జత చెడిపోయే అవకాశమూ ఉంది. బ్యాటరీ బాగా దిగిపోయినా షిఫ్ట్ లాక్ విడవదు, అయితే మీ ఇంజన్ మామూలుగా స్టార్ట్ అవుతోంది గనుక ఆ అనుమానం అక్కరలేదు.

తార్నాక సభ్యుడు:

పై సమాధానానికి అనుబంధంగా, కారును జరిపే సంగతి నేను చెబుతాను. లివర్ ఉన్న చాలా ఆటోమేటిక్ కార్లలో, ఇలాంటి అవసరం కోసమే తయారీదారులు షిఫ్ట్ లాక్‌ను చేత్తో విడిపించే ఏర్పాటు చేస్తారు. లివర్ పక్కన ప్యానెల్ మీద వేలి గోరంత మూత ఒకటి ఉంటుంది, కొన్నింటిలో మూత లేకుండా బటనే ఉంటుంది, మరికొన్నింటిలో లివర్ చుట్టూ ఉన్న తోలు తొడుగును పైకి ఎత్తితే కనిపిస్తుంది. ఎక్కడుందో కారుతో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది, దానిని చూడకుండా ప్యానెల్‌ను పెకలించవద్దు.

చేసే ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, టైర్లకు ముందూ వెనకా ఇటుకలు అడ్డు పెట్టండి. ఈ క్షణం వరకు కారును ఆపి ఉంచుతున్న పాల్‌ను మీరు చేతులారా విడిపించబోతున్నారు గనుక ఇది తప్పనిసరి. సెల్లార్ నేల చూపుకు చదునుగా ఉన్నా, నీరు పోవడానికి కాలువ వైపు కొద్దిగా వాలు పెట్టి ఉంటారు. తరువాత డ్రైవరు సీటులో కూర్చుని, తాళంచెవి ‘ఆన్’లో పెట్టి, కుడి కాలితో బ్రేకు తొక్కి ఉంచి, మూతను చదునైన స్క్రూడ్రైవరుతో గుడ్డ అడ్డం పెట్టి తీసి, ఆ రంధ్రంలోకి స్క్రూడ్రైవరును నిలువుగా దింపి నొక్కి పట్టుకుని, లివర్ బటన్ నొక్కుతూ ‘ఎన్’ (న్యూట్రల్)లోకి తీసుకురండి. బలప్రయోగం అక్కరలేదు. రంధ్రంలో స్ప్రింగులాంటి ఒత్తిడి చేతికి తెలుస్తుంది.

‘ఎన్’లోకి వచ్చాక, కారును మనుషులతో తోయించడం కంటే ఇంజన్ నడుస్తుండగా నెమ్మదిగా నడిపి పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంజన్ ఆపి ఉంటే ఒకటి రెండు సార్లు తొక్కేసరికి బ్రేకు బూస్టరులోని వాక్యూం అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు కూడా బరువెక్కుతుంది. ర్యాంపు దగ్గర అది ప్రమాదకరం. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బ్రేకు స్విచ్ చెడిపోయినంత మాత్రాన బ్రేకు పోదు, పెడల్ నుంచి చక్రాల వరకు పనిచేసేది బ్రేకు ఆయిలు, దానికీ ఈ స్విచ్‌కూ సంబంధం లేదు. అందువల్ల సెల్లార్ లోపల పది అడుగులు జరపడానికి అభ్యంతరం లేదు. రోడ్డు మీదికి మాత్రం తీసుకువెళ్లవద్దు, మీరు బ్రేకు వేసిన సంగతి వెనక వచ్చే ఆటోకో, ద్విచక్ర వాహనానికో తెలియదు. ఎవరికీ అడ్డం లేని చోట మళ్లీ ‘పి’లో పెడితే లివర్ మళ్లీ బిగుసుకుంటుంది, అప్పుడు మళ్లీ ఇదే పద్ధతి పాటించాలి.

ఒకవేళ ఎవరైనా తాడు కట్టి ముందు చక్రాలను ఈడ్చి బయటికి లాగుతామంటే ఒప్పుకోవద్దు. మీది ముందు చక్రాలతో నడిచే కారు అయితే ఆ పాల్, దాని పళ్లు దెబ్బతింటాయి, అప్పుడు గేరుబాక్సు నిజంగానే దింపవలసి వస్తుంది.

నిజాంపేట నివాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన క్రమంలోనే చూశాము. మూడు బ్రేకు లైట్లలో ఒక్కటి కూడా వెలగడం లేదు. రాత్రి వెలిగే వెనక దీపాలు, ఇండికేటర్లు, హారను బాగానే ఉన్నాయి. ‘స్టాప్’ ఫ్యూజు 10 ఆంపియర్లది, తీసి చూస్తే లోపలి తీగ తెగలేదు, అయినా అదే విలువ ఉన్న మరొక ఫ్యూజు వేసి చూశాము, మార్పు లేదు. మాన్యువల్‌లో చూపినట్లే లివర్‌కు కుడి పక్కన చిన్న మూత దొరికింది. కారును సందర్శకుల పార్కింగ్ స్థలంలోకి మార్చాము, పక్క ఫ్లాటు వారి ఇబ్బంది తీరింది.

టార్చి వేసి పెడల్ పైభాగాన చూస్తే నాలుగు వైర్ల కప్లర్‌తో (వైర్లను కలిపే ప్లగ్గుతో) తెల్లటి స్విచ్ కనిపిస్తోంది. నా దగ్గర మల్టీమీటరు ఉంది, ఇంట్లో చిన్న విద్యుత్ పనులు చేసుకునే అలవాటూ ఉంది. స్విచ్‌నే తప్పు పట్టవచ్చని ఎలా నిర్ధారించుకోవాలి? మరొక సంగతి, ఈ కారు మేము వాడినది కొన్నాము. మొదటి యజమాని వెనక అద్దం లోపల అదనపు బ్రేకు లైట్ల పట్టీ ఒకటి పెట్టించారు, అది కూడా ఇప్పుడు వెలగడం లేదు. వైరు కోసి డైరెక్ట్ చేయడం గురించి మీ అభిప్రాయం కూడా చెప్పండి, ఆ షాపులో ఇతర కార్లకు అలా చేశామని గట్టిగా చెబుతున్నారు.

వనస్థలిపురం ఆటో ఎలక్ట్రీషియన్:

ముందు డైరెక్ట్ సంగతి చెబుతాను, ఎందుకంటే అదే అన్నిటికంటే ముఖ్యం. స్విచ్ రెండు వైర్లను కలిపేస్తే కారుకు బ్రేకు ఎప్పుడూ తొక్కే ఉన్నట్లు లెక్క. లివర్ కదులుతుంది, నిజమే. అయితే బ్రేకు లైట్లు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటాయి, మీరు నిజంగా బ్రేకు వేసినప్పుడు వెనకవారికి ఏ తేడా కనిపించదు, కారు ఆపి తాళం వేశాక కూడా వెలుగుతూ బ్యాటరీని దింపేస్తాయి. క్రూజ్ కంట్రోల్ పనిచేయదు, కొన్ని కార్లలో బ్రేకు, యాక్సిలరేటరు రెండూ ఒకేసారి తొక్కినట్లు భావించి కంట్రోలు యూనిట్ ఇంజన్ శక్తిని తగ్గిస్తుంది. లైట్ల బాధ లేకుండా షిఫ్ట్ లాక్ ఒక్కదానినే డైరెక్ట్ చేస్తామని అంటే అది ఇంకా ప్రమాదం. ఇంజన్ నడుస్తున్న కారులో ముందు సీటులో ఉన్న పిల్లవాడు లివర్ లాగితే చాలు, కారు కదిలిపోతుంది.

ఈ తాళాన్ని ఎవరో ముచ్చటపడి పెట్టలేదు. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కడమే అందులో ప్రధాన కారణమని 1989లో అక్కడి రహదారి భద్రతా సంస్థ నివేదిక తేల్చింది. ఆ గొడవ నడుస్తున్న రోజుల్లోనే ఆడి సంస్థ, కాలు బ్రేకు మీద ఉంటే తప్ప ‘పి’ నుంచి లివర్ రాకుండా ఉండే ఏర్పాటును తన కార్లలో అమర్చింది. తరువాత పిల్లల భద్రత కోసం చేసిన చట్టం ప్రకారం 2010 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో బ్రేకు లైట్లు పనిచేయడం కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం తప్పనిసరే. వందల రూపాయల్లో దొరికే వస్తువు కోసం ఇంత రక్షణను వదులుకోవలసిన అవసరం ఏముంది?

ఇక పరీక్ష. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబును శుభ్రమైన లోహపు బోల్టుకు ఆనించండి. కప్లర్ ఊడదీయకుండానే వెనక నుంచి ఒక్కొక్క వైరు దగ్గర ఎర్ర ప్రోబు పెట్టి చూడండి. వాటిలో ఒక వైరులో తాళంచెవి తీసేసినా 12 వోల్టులు ఉండాలి, అది ఫ్యూజు నుంచి నేరుగా వచ్చేది. దానికి జతగా ఉన్న వైరులో పెడల్ వదిలినప్పుడు సున్నా, తొక్కినప్పుడు 12 వోల్టులు రావాలి. మొదటి వైరులో కరెంటు ఉండి, తొక్కినా రెండో దానిలో రాకపోతే స్విచ్ పోయినట్లే. మొదటి దానిలోనే లేకపోతే ఫ్యూజుకూ స్విచ్‌కూ మధ్య వైరు తెగింది. ఎనిమిదో తొమ్మిదో వోల్టులు వచ్చి ఆగిపోతే కాంటాక్టులు నల్లబడి అడ్డు పడుతున్నాయని అర్థం. మిగిలిన రెండు వైర్లు ఎదురు పద్ధతిలో పనిచేసే రెండో జతవి, పెడల్ వదిలినప్పుడు కలిసి, తొక్కినప్పుడు విడిపోతాయి. అందుకే నాలుగు వైర్ల కప్లర్‌లో తోచిన రెండింటిని తీగతో కలిపి చూడవద్దు. ఈ మధ్య వచ్చిన కార్లలో కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ స్విచ్‌లు కూడా ఉన్నాయి, వాటిని స్కానరు పెట్టి ‘బ్రేకు స్విచ్’ ఆన్, ఆఫ్ విలువలు చూసే నిర్ధారించాలి.

మార్చేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలుపెట్టండి. కప్లర్ లాకు నొక్కి విడదీసి, స్విచ్‌ను పావు వంతు తిప్పితే బ్రాకెట్టు నుంచి వస్తుంది. ఇది తిప్పి బిగించే రకం. కొత్తది పెట్టేటప్పుడు, దానితో వచ్చిన కాగితంలో చెప్పినట్లు చేయండి. చాలా వాటిలో ప్లంజర్‌ను పూర్తిగా బయటికి లాగి, పెడల్‌ను తొక్కి పట్టి స్విచ్‌ను అమర్చి తిప్పాక, పెడల్‌ను నెమ్మదిగా వదిలితే దూరం దానంతట అదే సరిపోతుంది. అలా ఒకసారి సర్దుకున్న స్విచ్‌ను తీసి మళ్లీ పెడితే సరిగా కుదరకపోవచ్చు, పాతది తెచ్చి బిగించే షాపుల మాట వినవద్దు. మరతో, చెక్ నట్టుతో ఉండే పాత రకంలో అయితే పెడల్‌కూ స్విచ్ అంచుకూ మధ్య దూరాన్ని మనమే సరిచేయాలి, అది మాన్యువల్ చెప్పిన కొలతకు మించితే లైట్లు ఆరవు, తగ్గితే పెడల్ పూర్తిగా వెనక్కి రాక బ్రేకులు ఒరుసుకునే ప్రమాదం ఉంది.

ప్లంజర్ ఆనుకునే చోట పెడల్ చేయికి చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ స్టాపరు ఉంటుంది, దానిని కూడా చూడండి. ఎండకు, వయసుకు అది పొడిపొడి అయి రాలిపోతే ప్లంజర్ ఆ రంధ్రంలోకి దూరిపోయి లైట్లు ఆరకుండా వెలుగుతాయి. మీ సమస్య అది కాదు గానీ, పదేళ్ల కారులో చేయి పెట్టినప్పుడు చూసుకోవడం మంచిది. విడిభాగం రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో దొరుకుతుంది, ఛాసిస్ నంబరు, పాత స్విచ్ రెండూ తీసుకువెళ్లి, నాలుగు పిన్నుల అమరిక సరిపోల్చుకుని కంపెనీ పార్టే కొనండి. ఇక ఆ అదనపు లైట్ల పట్టీని తీసివేయించండి. దానికి విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) లేకుండా బ్రేకు లైటు వైరుకే అతికించి ఉంటే, స్విచ్ మోయవలసిన దానికంటే ఎక్కువ కరెంటును ఇన్నాళ్లుగా మోస్తోంది.

ఈసీఐఎల్ సభ్యుడు:

ఈ చర్చ నాకూ ఉపయోగపడేలా ఉంది. మాది ఏఎంటీ (మాన్యువల్ గేరుబాక్సునే ఆటోమేటిక్‌గా నడిపే రకం) కారు, అందులో ‘పి’ అనే స్థానమే లేదు. మూడు రోజులుగా బ్రేకు తొక్కి తాళంచెవి తిప్పినా కొన్నిసార్లు స్టార్టరు తిరగడం లేదు, స్టార్ట్ అయినా ‘ఎన్’ నుంచి ‘డి’ (డ్రైవ్)కి మార్చితే గేరు పడటం లేదు. ఇది కూడా ఇదే లోపమా, లేక క్లచ్ యాక్చుయేటరా?

తార్నాక సభ్యుడు:

ముందు మీరు కూడా వెనక లైట్లే చూడండి. మన దేశంలో 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీ పద్ధతిలో లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్చును, గేర్లను మన బదులు యాక్చుయేటర్లు మారుస్తాయి. పార్కింగ్ పాల్ ఉండదు గనుక ‘పి’ ఉండదు, కారును గేరులో ఉంచి ఇంజన్ ఆపి హ్యాండ్ బ్రేకు లాగాలి. అయితే ఇంజన్ స్టార్ట్ కావడానికీ, ‘ఎన్’ నుంచి గేరు పడటానికీ బ్రేకు తొక్కిన సంకేతం ఇక్కడ కూడా కావాలి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఆ సంకేతం అప్పుడప్పుడు అందకపోవడం వైపే చూపిస్తున్నాయి. స్టార్టరు తిరగని సమయంలోనే లైట్లు కూడా వెలగకపోతే యాక్చుయేటరు జోలికి వెళ్లవలసిన పని లేదు.

మణికొండ సభ్యుడు:

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల వారి కోసం ఒక మాట. వాటిలో బ్రేకు స్విచ్ పోతే లివర్ వరకు కూడా వెళ్లము, బ్రేకు తొక్కి బటన్ నొక్కినా ఇంజన్ స్టార్ట్ కాకుండా డ్యాష్‌బోర్డు మాత్రమే వెలుగుతుంది. చాలామంది దానిని రిమోట్ బ్యాటరీ లోపం అనుకుంటారు. కొన్ని కంపెనీల కార్లలో బటన్‌ను సుమారు 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే అత్యవసరంగా స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంది, మీ మాన్యువల్‌లో ఉంటేనే ప్రయత్నించండి. చాలా రోజులు కదలకుండా ఉన్న కారులో వాక్యూం పోయి పెడల్ గట్టిపడటం వల్ల కూడా స్విచ్ కలిసేంత దూరం పెడల్ దిగకపోవచ్చు, అప్పుడు ఇంకాస్త బలంగా తొక్కితే సరిపోతుంది. ఎలక్ట్రానిక్ నాబ్, బటన్లతో గేరు మార్చే కార్లలో చాలా వాటికి తార్నాక సభ్యుడు గారు చెప్పిన రంధ్రం ఉండదు, వాటికి కంపెనీ సహాయం పిలవడమే మార్గం.

ఇటువంటి చిన్న స్విచ్ ఎంత దూరం తీసుకువెళుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 2013 ఏప్రిల్‌లో హ్యుందాయ్, కియా సంస్థలు అమెరికాలో 16 లక్షలకు పైగా కార్లను ఈ బ్రేకు లైటు స్విచ్ మార్చడానికే వెనక్కి పిలిచాయి. ‘పి’ నుంచి లివర్ అప్పుడప్పుడు రాకపోవడం, బటన్ స్టార్ట్ మొరాయించడం, స్థిరత్వ నియంత్రణ హెచ్చరిక దీపం వెలగడం, క్రూజ్ కంట్రోల్ సరిగా పనిచేయకపోవడం, బ్రేకు లైట్లు ఉండీ లేనట్లు వెలగడం, ఇవన్నీ ఆ ప్రకటనలో ఒకే లోపానికి లక్షణాలుగా ఇచ్చారు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా మొదట స్విచ్‌నే చూడాలి.

నిజాంపేట నివాసి:

పని పూర్తయింది, ఫలితం అందరికీ తెలియాలని రాస్తున్నాను. ఒక వైరులో 12 వోల్టులకు పైగా స్థిరంగా ఉంది, తొక్కినప్పుడు జత వైరులో ఏమీ రాలేదు, గట్టిగా రెండు మూడు సార్లు తొక్కితే ఒకసారి నాలుగు వోల్టులు కనిపించి మాయమైంది. రాణిగంజ్‌లో కంపెనీ పార్టు దొరికింది. పాత స్విచ్‌ను తరువాత విప్పి చూస్తే ఒక కాంటాక్టు నల్లగా కాలి, ప్లాస్టిక్ కొంత కరిగి ఉంది. అదనపు లైట్ల పట్టీ మీరు ఊహించినట్లే రిలే లేకుండా నేరుగా అతికించి ఉంది, దానిని తీసివేయించి ఆ అతుకులను సరిచేయించాము. ఇప్పుడు బ్రేకు తొక్కగానే ‘టిక్’ చప్పుడు వస్తోంది, మూడు లైట్లూ వెలుగుతున్నాయి, లివర్ తేలికగా కదులుతోంది. రోడ్డు మీదికి తీసే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

వనస్థలిపురం ఆటో ఎలక్ట్రీషియన్:

మూడు సంగతులు చూడండి. పెడల్ వదిలిన వెంటనే లైట్లు పూర్తిగా ఆరాలి, చీకట్లో సన్నగా కూడా వెలగకూడదు. పెడల్ కొద్దిగా కదిలినప్పుడే వెలగాలి, లోతుగా తొక్కితే తప్ప వెలగకపోతే స్విచ్ సరిగా కూర్చోలేదని అర్థం. చివరిగా, హ్యాండ్ బ్రేకు లాగి, తాళంచెవి ‘ఆన్’లో పెట్టి, బ్రేకు మీద కాలు పెట్టకుండా లివర్‌ను లాగి చూడండి. అది కదలకూడదు. కదిలిందంటే షిఫ్ట్ లాక్ సర్క్యూట్‌లో ఇంతకుముందే ఎవరో చేయి పెట్టి ఉంటారు, అలాగైతే కారును రోడ్డు మీదికి తీయకుండా వైరింగు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.